కరిగిపోయే దారాలతో కణం ఎలా నడుస్తుంది?

ముందు ప్రశ్న ఏమిటో చెప్పి మొదలుపెడతాను. తిరుపతిలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్న అమ్మాయి అడిగింది. సెమినార్‌కి "కణ అస్థిపంజరం, కణ చలనం" అనే టాపిక్ పడిందట. పుస్తకంలో ఒక పేజీలో ఆక్టిన్ అనే ప్రొటీను తంతువులు (దారాలు) కణానికి ఆకారాన్నీ ఊతాన్నీ ఇస్తాయని ఉంది. రెండు పేజీలు తిప్పితే అవే తంతువులు ఎప్పటికప్పుడు కరిగిపోతూ ఉంటాయని ఉంది. "ఊతమిచ్చేదే కరిగిపోతుంటే కణం ఎలా కదులుతుంది సార్? కండరంలో మయోసిన్ అనే మోటారు ప్రొటీను లాగుతుంది, సరే. తెల్లరక్తకణంలో ఎవరు లాగుతారు?" ఇదీ ప్రశ్న.

అమ్మా, నేను ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. నువ్వు నా విద్యార్థుల వయసుదానివే కాబట్టి "నువ్వు" అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. నీకు వచ్చిన అనుమానం చాలామంది లెక్చరర్లకే రాదు. నాకూ రాలేదు. మొదటి పదేళ్లు బోర్డు మీద పెళ్లి పందిరి బొమ్మ గీసేవాణ్ణి. రాటలు తంతువులు, పైన కప్పిన గుడ్డ కణత్వచం. పిల్లలు తలలూపేవాళ్లు, నాకు తృప్తిగా ఉండేది. ఆ పందిరి బొమ్మ పూర్తిగా తప్పని నాకు తెలిసింది ఒక చేప పొలుసు వల్ల.

రంగు వేయకుండానే బతికున్న కణాలను చూపే ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోపు అప్పట్లో మా కాలేజీలో లేదు. యూనివర్సిటీలో ఉన్న ఒక స్నేహితుణ్ణి బతిమాలి, సాయంత్రాలు వాళ్ల ల్యాబ్‌లో కూర్చునేవాణ్ణి. బతికున్న తిలాపియా, అదే మా వైపు జిలేబీ చేప అంటామే, దాన్ని బకెట్లో తీసుకెళ్లి, పట్టకారుతో ఒక పొలుసు పెరికి, రెండు కవర్ గాజుల మధ్య పరిచి పెట్టాం. మొదటిసారి తడి ఆరకుండా ఉంటుందని కుళాయి నీళ్లు వేశాను. కణాలన్నీ ఉబ్బి పగిలిపోయాయి. నా స్నేహితుడు ఏమీ అనలేదు గానీ నవ్వు ఆపుకోవడం కనబడింది. రెండోసారి చేపకు సరిపడే ఉప్పులు కలిపిన ద్రావణం వేసి రాత్రంతా అలా వదిలేశాం.

పొద్దున చూస్తే పొలుసు అంచు నుంచి చర్మకణాలు పలచటి పొరలాగా గాజు మీదికి పాకి వచ్చాయి. కొన్ని గుంపును వదిలి ఒంటరిగా పోతున్నాయి. వీటిని కెరటోసైట్లంటారు. ఆకారం చెప్పాలంటే అరచందమామ. ముందు భాగం విసనకర్రలాగా వెడల్పుగా, కాగితంలాగా పలచగా ఉంటుంది. వెనక చిన్న మూటలాగా కేంద్రకమూ మిగతా సామానూ. జారుతున్నట్టుగా పోతుంది, ఆకారం మారదు. నిమిషానికి పది, పదిహేను మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పోతాయి, ఇంకా వేగంగా పోయేవీ ఉన్నాయి. మన ఒంట్లో కణజాలాన్ని కట్టే ఫైబ్రోబ్లాస్టు అనే కణం నిమిషానికి ఒక మైక్రాను పోతే గొప్ప.

ఒక చిన్న లెక్క చేద్దాం. నిమిషానికి 15 మైక్రాన్లంటే సెకనుకు 250 నానోమీటర్లు (నానోమీటరు అంటే మైక్రానులో వెయ్యో వంతు). ఆక్టిన్ తంతువు కొసకు ఒక్క ఆక్టిన్ అణువు చేరితే తంతువు 2.7 నానోమీటర్లు పొడుగవుతుంది. భాగిస్తే దాదాపు 90. అంటే ఆ కణం ముందంచున ఉన్న తంతువులు ఒక్కొక్కటి సెకనుకు తొంభై అణువులు చేర్చుకుంటూ ఉండాలి. కణంలో అంత ఆక్టిన్ కొత్తగా ఎక్కణ్ణుంచి వస్తుంది? రాదు. పాతదాన్నే వెనక ఊడదీసి ముందుకు తేవాలి. కరిగిపోవడం అన్నది తంతువుకున్న జబ్బు కాదమ్మా, ముందుకు పోవడానికి సరుకు వచ్చేదే అక్కణ్ణుంచి. నీ ప్రశ్నకు సగం జవాబు ఇదే.

మా ఊరు పూతలపట్టు దగ్గర. నాట్ల కాలంలో కయ్యల్లో మోకాలి లోతు బురద. మోటారు షెడ్డు దాకా పోవాలంటే మా నాయన నాలుగు పలకలు వాడేవాడు. వరసగా పరిచి, వాటి మీద నడిచి, వెనకది తీసి ముందు వేయడం, మళ్లీ వెనకది తీసి ముందు వేయడం. నాలుగు పలకలతో కయ్య మొత్తం దాటొచ్చు. బురదలో వేసిన పలక, వేసినచోటే ఉంటుంది. దారి మాత్రం ముందుకు పోతుంది. వెనక పలక తీయకపోతే ఐదో అడుగుకు ఆగిపోవాల్సిందే.

తంతువు ఇలా ముందు కట్టుకుంటూ వెనక విప్పుకోవడాన్ని వైకుంఠం క్యూ కాంప్లెక్సుతో పోల్చి చెప్పే సార్లున్నారు. ఒక కొస జనం చేరతారు, ఇంకో కొస బయటికి పోతారు, క్యూ మాత్రం అలాగే ఉంటుంది అని. వినడానికి బాగుంటుంది గానీ సరిపడదు. క్యూలో మనుషులు నడుస్తారు. తంతువులో అణువు నడవదు. చేరిన చోటే ఉండి, తన వంతు వచ్చాక ఊడుతుంది. దీన్ని 1991లో జూలీ థెరియట్, టిమ్ మిచిసన్ చూపించారు. కెరటోసైటు ముందు భాగంలో ఆక్టిన్ మీద సన్నటి వెలుగు గీత ఒకటి వేసి చూశారు. కణం ముందుకు పోయింది, గీత గాజుకు సంబంధించి ఉన్నచోటే ఉంది. అంటే అంచు గీతను దాటుకుని పోయింది. అచ్చం బురదలో పలకే.

ఇప్పుడు తంతువు గురించి. ఆక్టిన్ అణువుకు ముందూ వెనకా తేడా ఉంది. అణువులన్నీ ఒకే దిక్కు చూస్తూ చేరతాయి కాబట్టి తంతువుకూ రెండు వేరువేరు కొసలుంటాయి. త్వరగా పెరిగేది ప్లస్ కొస, నిదానంగా పెరిగి త్వరగా ఊడేది మైనస్ కొస. చేరే అణువు ఒక ఏటీపీని, అంటే కణానికి శక్తినిచ్చే అణువును, పట్టుకుని వస్తుంది. చేరిన కొన్ని సెకన్లకే అది విడిపోయి ఏడీపీ అవుతుంది. ఏటీపీ వల్ల ఇక్కడ వచ్చే లాభం వయసు గుర్తు. ఏది కొత్త ఇటుకో ఏది పాత ఇటుకో కణానికి తెలుస్తుంది. కోఫిలిన్ అనే ప్రొటీను పాతబడిన ముక్కలనే వెతికి తుంచుతుంది. ఊడిపడిన అణువుకు ప్రొఫిలిన్ పాత ఏడీపీ తీసి కొత్త ఏటీపీ ఎక్కించుకునే ఏర్పాటు చేసి మళ్లీ ముందుకు పంపుతుంది. థైమోసిన్ అని ఇంకొకటుంది, అది మిగులు ఆక్టిన్‌ను పట్టుకుని కూర్చునే గోడౌను లాంటిది. ఆ గోడౌను లేకపోతే కణంలోని ఆక్టిన్ ఎక్కడపడితే అక్కడ గడ్డకట్టి దారాలైపోతుంది. అంత ఉంటుంది కణంలో. ఈ పేర్లన్నీ సెమినార్‌లో చదివి జనానికి నిద్ర తెప్పించకు. ముందు కట్టేవాళ్లు, వెనక విప్పేవాళ్లు, మధ్యలో మోసేవాళ్లు అని చెప్తే చాలు.

సరే, పెరుగుతుంది. పెరిగితే మాత్రం పొరను ఎలా తోస్తుంది? ఇది నాకు చాలాకాలం కొరుకుడు పడలేదు. పొరకూ తంతువు కొసకూ మధ్య సందు లేకపోతే కొత్త అణువు ఎక్కడ దూరుతుంది? సందుంటే తంతువు పొరను తోస్తున్నట్టే కాదు కదా?

దీనికి జవాబు నా చిన్నతనంలోనే ఉంది, నాకే తట్టలేదు. చెరుకు కొట్టాక బండి నిండా వేసుకుని బెల్లం గానుగకు తోలేవాళ్లం. దారిలో ఒక మిట్ట. గిత్తలు ఒక్క ఊపున ఎక్కించలేవు. నా పని చేతిలో రాయి పట్టుకుని చక్రం వెనక నడవడం. గిత్తలు ఊగినప్పుడు చక్రం నాలుగు వేళ్లు ముందుకు పోతుంది, మళ్లీ వెనక్కి రాబోతుంది. ఆ లోపల రాయి తోసేయాలి. వెనక్కి రాలేదు. మళ్లీ ఊగుతుంది, మళ్లీ రాయి. నేను బండిని తోయలేదు. నా వయసుకు ఆ బండి కదిలేదీ కాదు. కానీ రాయి లేకపోతే బండి మిట్ట ఎక్కేది కాదు.

కణత్వచం వేడి వల్ల ఎప్పుడూ సన్నగా వణుకుతూనే ఉంటుంది. తంతువు కొస కూడా అలాగే. ఆ వణుకులో ఒక్క క్షణం 2.7 నానోమీటర్ల సందు దొరికితే ఒక ఆక్టిన్ అణువు దూరి కూర్చుంటుంది. ఇక పొర వెనక్కి రాలేదు. 1993లో పెస్కిన్, ఓడెల్, ఆస్టర్ అనే ముగ్గురు దీనికి లెక్కలు కట్టారు, బ్రౌనియన్ రాచెట్ అని పేరు. పొర గట్టిగా ఉన్నా తంతువే వంగి సందు చేసుకోగలదని తర్వాత 1996లో మొగిల్నర్, ఆస్టర్ సవరించారు. ఒక్క తంతువు ఇచ్చే బలం కొన్ని పీకోన్యూటన్లే. కానీ కెరటోసైటు ముందంచున ఒక్క మైక్రాను మేర వందకు పైగా తంతువులుంటాయి. ఇక్కడ గిత్తలు కూడా లేవని గమనించు. వణుకుతున్న బండి, రాళ్లు వేసే పిల్లలు, అంతే.

"తెల్లరక్తకణంలో ఎవరు లాగుతారు" అన్నావు. ముందంచు దగ్గర ఎవరూ లాగరు. అక్కడ జరిగేది తోపుడు. దీనికి తిరుగులేని సాక్ష్యం ఒక బ్యాక్టీరియా ఇచ్చింది. లిస్టీరియా మన కణంలోకి దూరి, మన ఆక్టిన్‌నే తన వెనక తోకలాగా కట్టించుకుని, తోకచుక్కలాగా దూసుకుపోతుంది. 1999లో ఫ్రాన్స్‌లో మరీ-ఫ్రాన్స్ కార్లియే బృందం కణమే లేకుండా, శుద్ధి చేసిన కొద్దిపాటి ప్రొటీన్లు, ఏటీపీ కలిపిన ద్రావణంలో ఆ బ్యాక్టీరియాను పరుగెత్తించింది. అందులో మయోసిన్ లేదు. లాగేవాడు లేకుండానే బండి నడిచింది. సెమినార్‌లో ఇది తప్పకుండా చెప్పు. "మయోసిన్ లేకుండా ఎలా?" అని ఎవరో ఒకరు అడుగుతారు, అడగకపోయినా నువ్వే చెప్పు.

ఇక తంతువులు ఏ వరసలో ఉంటాయన్న సంగతి. నన్నడిగితే టాపిక్ మొత్తానికీ గుండెకాయ ఇదే. ఆక్టిన్ ఒక్కటే, అన్నిచోట్లా అదే 7 నానోమీటర్ల మందం దారం. దాన్ని ఏ వరసలో పేర్చారన్నదాన్ని బట్టే పని మారుతుంది.

ఇంట్లో చీపురుపుల్ల ఒకటి తీసుకో. జానెడు పుల్లతో అరచేతిని పొడువు. వంగిపోతుంది. అదే పుల్లను అంగుళం ముక్కకు తుంచి పొడువు. గుచ్చుకుంటుంది. తోయాలంటే దారం పొట్టిగా ఉండాలి. అందుకే కణం ముందంచున ఒక మూత ప్రొటీను తంతువుల ప్లస్ కొసలను కొంచెం పెరగ్గానే మూసేస్తూ ఉంటుంది. మూసేస్తే పెరుగుదల ఆగిపోతుంది కదా అంటావేమో. ఆగకుండా కొత్త కొసలు పుట్టించేది ఆర్ప్ 2/3 అనే ప్రొటీన్ల గుంపు. పాత తంతువు పక్కన అతుక్కుని, సుమారు 70 డిగ్రీల కోణంలో కొమ్మ మొలిపిస్తుంది. కొమ్మకు కొమ్మ, దానికి మళ్లీ కొమ్మ. కొసలన్నీ పొర వైపే చూస్తుంటాయి. ఎండిన తుమ్మకంప మోపు ఒకటి గోడకు ఆనించి తోస్తున్నట్టు ఊహించుకో. ఒక్కొక్క ముల్లూ పొట్టిదే, గట్టిదే. ఒక కొమ్మకు ఇంకో కొమ్మ ఆసరా. విసనకర్రలాగా పలచగా పరుచుకునే ఈ ముందు భాగాన్నే లామెల్లిపోడియం అంటారు.

అవే తంతువులను కొమ్మలు లేకుండా, పొడుగ్గా, పది ఇరవై కలిపి, అన్నీ ఒకే దిక్కుకు పేర్చి ఫాసిన్ అనే ప్రొటీనుతో కట్టేస్తే చీపురుకట్ట అవుతుంది. విడిగా వంగే పుల్ల కట్టలో వంగదు. అలాంటి కట్టలతో కణం ముందుకు సన్నటి వేళ్లు చాపుతుంది, అవి ఫిలోపోడియాలు. దారి తడుముకోవడానికి పనికొస్తాయి. పెరిగే నాడీతంతువు కొసన ఇవి మెదులుతుంటే చూడటానికి ముచ్చటగా ఉంటుంది.

మూడో వరసలో దిక్కులు కలవవు. ఎదురెదురుగా ఉన్న తంతువుల మధ్య మయోసిన్ గుత్తులుంటాయి. ఇక్కడ మొదటిసారి లాగుడు వస్తుంది. మయోసిన్ తలకాయ తంతువు ప్లస్ కొస వైపే పాకుతుంది. గుత్తికి రెండు చివరలా తలకాయలున్నాయి, రెండు తంతువులూ వ్యతిరేక దిక్కులకు చూస్తున్నాయి. కాబట్టి రెండు తంతువులూ ఒకదాని మీదికి ఒకటి జరుగుతాయి. మధ్యలో నిలబడి రెండు చేతులా రెండు మోకులను తన వైపుకు లాక్కున్నట్టు. కణం మధ్యలో, వెనక ఉండేవి ఇలాంటి కట్టలే.

ఈ మూడో వరసనే ఇంకా క్రమంగా, అంగుళం తేడా లేకుండా పేర్చితే కండరం. కండరంలో ఈ తంతువుల ఒక్కో గడి అయిన సార్కోమియర్ గురించి నువ్వు ఇంటర్ నుంచి చదువుతున్నావు కాబట్టి ఎక్కువ చెప్పను. 1954లో ఒకే నేచర్ సంచికలో రెండు బృందాలు, ఆండ్రూ హక్స్‌లీ, నీడర్‌గెర్కె ఒకవైపు, హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ ఇంకోవైపు, తంతువులు కురచ కావు, జారుతాయి అని వేరువేరుగా రాశారు. ఇద్దరు హక్స్‌లీలకూ చుట్టరికం లేదు, వైవాలో అడుగుతుంటారు. మయోసిన్‌తో అయిన మందమైన తంతువు పొడుగు 1.6 మైక్రాన్లు, అందులో సుమారు 300 మయోసిన్ అణువులు. ఏటీపీ వచ్చి పడితేనే మయోసిన్ తలకాయ ఆక్టిన్‌ను వదులుతుంది. కొట్టిన మేక మాంసం కొన్ని గంటలకు బిగుసుకుపోయేది అందుకే. ఏటీపీ అయిపోయింది, పట్టుకున్న తల పట్టుకున్నట్టే ఉండిపోయింది. పట్టుకోవడానికి ఖర్చు లేదు, వదలడానికే ఖర్చు. ఇది మా అబ్బాయికి చెప్తే "మన బంధువుల్లాగే" అన్నాడు.

కండరం మీద పుస్తకాలకు మోజెక్కువ. బొమ్మ అందంగా వస్తుంది, లెక్క కుదురుతుంది, మార్కులు పడతాయి. దానివల్ల పిల్లలకు ఏమవుతుందంటే, కదలిక అంటేనే మయోసిన్ లాగుడు అని ముద్రపడిపోతుంది. శాస్త్రవేత్తలకూ అలాగే పడింది. ఆక్టిన్‌ను 1940లలో హంగేరీలో సెంట్-జ్యోర్జీ ల్యాబ్‌లో స్ట్రౌబ్ కండరం నుంచే తీశాడు. కండరం కాని చోట కూడా అది ఉందని, 1966లో హతానో, ఓసావా ఒక బంకబూజు నుంచి శుద్ధి చేసి తీసేదాకా గట్టిగా నమ్మకం కుదరలేదు. నిజానికి చరిత్ర తలకిందులు. కండరం లేని జీవులకే ఆక్టిన్ ముందు నుంచీ ఉంది. కండరం తర్వాత వచ్చిన ఏర్పాటు.

మళ్లీ మన పాకే కణం దగ్గరికి వద్దాం. ముందు తోశాక పొర కూడా తిరిగి నెడుతుంది. కాబట్టి పేర్చిన వల మొత్తం వెనక్కి జారడానికి చూస్తుంది. కాళ్ల కింద పట్టు లేకపోతే ఎంత తోసినా నువ్వే వెనక్కి పోతావు. వానాకాలం కోనేటి మెట్ల మీద పాచి పట్టినచోట నడిచి చూడు. అడుగు వేస్తావు, కాలు వెనక్కి జారుతుంది, మనిషి అక్కడే ఉంటావు. ఈ పట్టు ఇచ్చేవి ఇంటెగ్రిన్లు. పొరకు అడ్డంగా దూరి ఉంటాయి. బయటి కొస నేలను పట్టుకుంటుంది, లోపలి కొసను టాలిన్, విన్క్యులిన్ లాంటివి ఆక్టిన్‌కు కట్టేస్తాయి. మిచిసన్, కిర్ష్నర్ 1988లో దీన్ని బండి క్లచ్‌తో పోల్చారు. క్లచ్ పడితే ఇంజన్ తిప్పుడు చక్రానికి అందుతుంది, పడకపోతే ఇంజన్ ఊరికే రొద పెడుతుంది. కెరటోసైటులో క్లచ్ బాగా పడుతుంది, అందుకే ఆ వెలుగు గీత నేలకు అంటినట్టు ఉంది. ఫైబ్రోబ్లాస్టులో సగం సగం పడుతుంది, అందుకే వల ఎంతోకొంత వెనక్కి జారుతూ ఉంటుంది. పట్టు మరీ ఎక్కువైనా చిక్కే, కణం వెనక భాగం ఊడిరాక అక్కడే అతుక్కుపోతుంది.

ఆ వెనక భాగం దగ్గరే మయోసిన్‌కు నిజమైన పని. వెనక కట్టలను బిగించి, మూటను ముందుకు ఈడ్చి, పట్టును వదిలిస్తుంది. ఇంకో విషయం, 2010లో తేలింది, కెరటోసైటు వెనక మయోసిన్ బిగింపు పాత ఆక్టిన్ వలను చితక్కొట్టి విడదీయడంలో కూడా సాయం చేస్తుంది. అంటే పలక తీసే కూలీ కూడా తనే.

కేంద్రకం ఆజ్ఞ లేకుండా ఇదంతా జరుగుతుందా అని మా క్లాసులో ఒకబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న. 1984లో ఉర్సులా ఓయిటెన్యూయర్, మాన్‌ఫ్రెడ్ ష్లివా కెరటోసైటు ముందు భాగం నుంచి చిన్న ముక్కలు తెగి విడిపోతే చూశారు. కేంద్రకం లేదు, కణ అస్థిపంజరంలో గొట్టాల్లాంటి సూక్ష్మనాళికలు లేవు, అయినా ముక్క పాకుతూనే పోయింది. బల్లి తోక ఊరికే కొట్టుకుంటుంది. ఇది అలా కాదు, ఒక దిక్కున చక్కగా నడుస్తుంది. ఆక్టిన్ వల ఆ వరసలో ఉంటే చాలు, మిగతా కణం లగేజీయే.

ఇంతకన్నా వింత ఏలికపాము శుక్రకణం. దానికి తోక లేదు, అమీబాలాగా పాకుతుంది. పాకడానికి వాడేది ఆక్టిన్ కాదు, వేరే ప్రొటీను. పేరు మేజర్ స్పెర్మ్ ప్రొటీన్. ఆ తంతువులకు ప్లస్, మైనస్ కొసల తేడా లేదు, వాటి మీద నడిచే మోటారు ప్రొటీనూ లేదు. అయినా ముందు కట్టడం, వెనక విప్పడం అనే పద్ధతి ఒక్కటే. ఇటుక మారినా మేస్త్రీ పని మారలేదు. సెమినార్‌లో చివరి స్లైడు ఇది పెడితే సార్లు కుర్చీలో ముందుకు వంగి వింటారు.

సూక్ష్మనాళికల గురించి అడగలేదు గానీ వదిలేస్తే తప్పు. 25 నానోమీటర్ల మందం గొట్టాలు, మామూలుగా 13 వరసల ట్యూబులిన్ ప్రొటీనును గుండ్రంగా పేర్చితే ఒక గొట్టం. పాకే కణంలో వీటి పని ఎక్కువగా రవాణా, దిక్కు నిలపడం. ఇవి రోడ్లు. కైనెసిన్ అనే మోటారు ప్రొటీను వీటి మీద ప్లస్ కొస వైపు, ఒక్కో ఏటీపీకి 8 నానోమీటర్ల అడుగు వేసుకుంటూ సరుకు మోస్తుంది. డైనీన్ అనే ఇంకో మోటారు ఎదురు దిక్కుకు. నాడీకణంలో ఈ రవాణా వేగం రోజుకు 200 నుంచి 400 మిల్లీమీటర్లు. వెన్ను నుంచి కాలివేలికి మీటరు దూరం, అంటే సరుకు చేరడానికి రోజులు పడుతుంది. మీ ఇంటి ముందు బిళ్ల గన్నేరు ఉందా? తిరుపతిలో ఏ వీధిలో చూసినా ఉంటుంది. అందులోంచి తీసే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందులు ట్యూబులిన్‌ను పట్టుకుని గొట్టాలు కట్టనివ్వవు. అందుకే క్యాన్సర్ కణం రెండుగా చీలలేదు. అందుకే ఆ మందు తీసుకున్నవాళ్లకు కాళ్లూ చేతుల కొసలు మొద్దుబారుతాయి, రోడ్డు పాడైతే ముందు సరుకు ఆగేది దూరపు ఊళ్లకే కదా. షుగరు తగ్గుతుందని ఆ ఆకు నమిలేవాళ్లు మా వీధిలోనూ ఉన్నారు. విషం అది, వద్దని చెప్పు.

కణం మీద వెంట్రుకల్లాగా ఉండే శైలికలు, శుక్రకణం తోక వేరే కథ. తొమ్మిది జంట గొట్టాలు చుట్టూ, రెండు మధ్యలో. డైనీన్ పక్క జంటను పట్టుకుని జరపబోతే, అడుగున కట్టేసి ఉండటం వల్ల జారలేక వంగుతుంది. కొట్టుకోవడం అంటే ఆ వంగడమే. మధ్యస్థ తంతువులు, కెరటిన్ లాంటివి, 10 నానోమీటర్ల మందం. వాటికి దిక్కు లేదు, వాటి మీద మోటార్లు నడవవు. పని చిరక్కుండా పట్టుకోవడం. నీ టాపిక్‌లో వాటికి ఒక్క స్లైడు చాలు.

చివరగా దిక్కు. న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణం బ్యాక్టీరియా వెంట పడి పట్టుకునే వీడియో చూసే ఉంటావు, ఎర్రరక్తకణాల మధ్య సందుల్లోంచి అటూ ఇటూ తిరుగుతూ తరుముతుంది. 1950లలో అమెరికాలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో డేవిడ్ రోజర్స్ తీసిన ఫిల్మ్ అది. బ్యాక్టీరియా ప్రొటీన్లు ఫార్మైల్ చేరిన మెథియోనిన్‌తో మొదలవుతాయి, ఆ తునకల వాసనే దానికి ఆధారం అనుకో. కణం ముందుకూ వెనక్కూ మధ్య ఆ వాసనలో ఒకటి రెండు శాతం తేడా ఉన్నా పసిగడుతుంది. వాసన ఎక్కువున్న వైపు ర్యాక్ అనే చిన్న ప్రొటీను మేలుకుని ఆర్ప్ 2/3కి పని పురమాయిస్తుంది. వెనక వైపు రో అనేది మేలుకుని మయోసిన్‌ను బిగిస్తుంది. 1992లో ఆన్ రిడ్లీ, అలన్ హాల్ ఫైబ్రోబ్లాస్టుల్లో ఈ రెండింటి పనీ వేరుచేసి చూపారు. మధ్యలో పని పురమాయించే ప్రొటీన్లలో ఒకటి, వాస్ప్ అని, దాని జన్యువు పాడై పుట్టిన మగపిల్లలకు విస్కాట్-ఆల్డ్రిచ్ అనే జబ్బు వస్తుంది. తెల్లకణాలు సరిగ్గా చేరాల్సిన చోటికి చేరవు, మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్లు.

సెమినార్‌కి నువ్వు చేయాల్సింది ఒకటుంది. బోర్డు మీద పెద్ద అరచందమామ గీయి. ముందంచున కొమ్మల వల, రెండు మూడు చీపురుకట్టలు, మధ్యలో నేలకు పట్టు చుక్కలు, వెనక ఎదురెదురు కట్టలు. ప్రతి తంతువుకూ ప్లస్ కొస ఎటు ఉందో బాణం పెట్టు. ఆ బాణాలు సరిగ్గా పెట్టగలిగితే పాఠం వచ్చినట్టే, ఎవరు ఏం అడిగినా అందులోంచి జవాబు చెప్పొచ్చు. అన్నట్టు, పాత పుస్తకాల్లో ప్లస్ కొసను ముల్లు కొస, మైనస్ కొసను మొన కొస అని రాస్తారు. మయోసిన్ తలకాయలు అంటించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే తంతువు మీద వరసగా బాణాల్లాగా కనబడతాయి, పేర్లు అందులోంచి వచ్చినవే. కన్‌ఫ్యూజ్ అవకు. పెరిగేది మొన కాదు, ముల్లు.

టెన్షన్ పడకుండా, వీలైతే ముందు రోజు ఒక చేప పొలుసు పెట్టి చూడు. మీ డిపార్ట్‌మెంట్‌లో ఫేజ్ కాంట్రాస్ట్ ఉండే ఉంటుంది, అటెండరును అడిగితే తాళం ఎవరి దగ్గరుందో చెప్తాడు. చేప బతికున్నదే కావాలి, ఐస్‌లో పెట్టింది పనికిరాదు. పొలుసు ఆరకూడదు. పొద్దున దాకా ఓపిక పట్టు. కుళాయి నీళ్లు మాత్రం వేయకు.